గడప లోపలి చరిత్ర

దేశచరిత్ర యనగా కోటలు, రాజులు, యుద్ధములు, సంధిపత్రములు అని తలంచుట మనకు వాడుకయైపోయినది. కోటగోడ కూలినచో అది వార్త యగును. దేవాలయ శిఖరము బీటలు వారినచో అధికారులు కదలుదురు. ఒక తెలుగు గృహస్థుని వంటయిల్లు నేలమట్టమైన నాడు మాత్రము ఎవరును తలయెత్తి చూడరు. ఆ వంటయింటిలోనే ఈ జాతి తిన్నది, నిద్రించినది, పిల్లలను కన్నది, పెద్దలను సాగనంపినది. ఇంటి బయట జరిగిన దానికి శాసనములున్నవి, గ్రంథములున్నవి. ఇంటిలోపల జరిగిన దానికి సాక్ష్యమేది?

ఈ ప్రశ్న మాకు ఊరక తోచినది కాదు. మొన్న నెక్కొండలో, రైల్వే స్టేషనునకు అనతిదూరమున, ఒక పాత భవంతి యింటిని కూల్చుచుండగా చూడ తటస్థించినది. దూలములు ఒకవైపు, గూనపెంకులు ఒకవైపు ప్రోవులు పెట్టియుండిరి. ఆ యింట పుట్టి పెరిగిన అన్నదమ్ములిద్దరు వేపచెట్టు నీడను నిలిచి వాదులాడుకొనుచుండిరి. వాదము ఆస్తిని గూర్చినది కాదు. కూరాడు కుండ వంటర్రలో తూర్పుమూల నుండెడిదని అన్న పలికెను. కాదు, వడ్ల గుమ్మి ప్రక్కను ఉత్తరపు గోడ నానుకొని యుండెడిదని తమ్ముడు పట్టుబట్టెను. కొంతసేపటికి అన్న నిట్టూర్చి, "అమ్మ ఉంటె చెప్పేది తమ్మీ" అని యూరకుండెను. తమ్ముడును మరి మాటాడలేదు. ఇద్దరు తోడబుట్టినవారు ఒకే యింటి లోపలిభాగమును రెండు విధములుగా తలంచుకొనుచున్నారు. ఏది నిజమో తేల్చుటకు ఒక్క కాగితము లేదు. ఒక కుటుంబము తన యింటి గర్భమును ఒక్క తరములో మరచినచో, ఒక జాతి మరచుటకు ఎంతకాలము పట్టును?

కావున చదువరులకు మా మనవి యిది. కూలిపోనున్న మన యిండ్ల లోపలిభాగములను, కూలకమునుపే, నీటిరంగులతో కాగితముపై నిలుపుకొనవలెను. ఇది చిత్రకారుల వినోదము కాదు. ఇది చరిత్రరక్షణము.

ఇట్టి పని లోకమున క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాఖండమందు ఒక ప్రత్యేకమైన చిత్రకళాశాఖ వృద్ధిబొందెను. ఆ చిత్రములలో దేవతలు లేరు, వీరులు లేరు, పెక్కింట మనుష్యులే లేరు. గది యొక్కటియే నాయిక. నేలపై పరచిన తివాచి, గోడనంటిన కాగితము, కిటికీ తెర, సగము తెరచియున్న పుస్తకము, కుర్చీపై వదలిన కుట్టుపని—ఇవియే అందలి పాత్రలు. జర్మనులు దీనిని 'జిమ్మర్‌బిల్డ్' అనిరి. గదిబొమ్మ యని దాని యర్థము. వియన్నా నగరమున రుడాల్ఫ్ ఫాన్ ఆల్ట్, బెర్లిను నగరమున ఎడ్వర్డ్ గార్ట్‌నర్ మొదలగు నిపుణులు దీనిని పరాకాష్ఠకు గొనిపోయిరి. ఇంగ్లండు రాణి విక్టోరియా తాను నివసించిన గదులను, తాను చూడవచ్చిన గదులను చిత్రకారులచేత వ్రాయించి ఆల్బములలో కూర్చుకొనుచుండెను. ఛాయాచిత్రకళ 1839లో లోకమునకు వెల్లడియైనను, మరి కొన్ని దశాబ్దముల వరకు ఈ గదిబొమ్మలకు ఆదరము తగ్గలేదు. నేడు న్యూయార్కు నగరమందలి కూపర్ హ్యూయిట్ ప్రదర్శనశాలలో ఇట్టి చిత్రములు 85 ఒక్కచోట నున్నవి. థా దంపతులు వానిని 2007లో ఆ సంస్థకు దానము చేసిరి.

ఇవి ప్రభువుల విలాసములు, మనకేల యని కొందరు అనవచ్చును. కాని యార్కు పట్టణమున మేరీ ఎలెన్ బెస్ట్ అను స్త్రీ యుండెను. ఈమె కాలము 1809–1891. ఈమె తన భోజనశాలను, వంటయిండ్లను, గిన్నెలు బోర్లించిన అరలను, పొయ్యి దగ్గర పనిచేయువారిని నీటిరంగులలో వ్రాసినది. రాజాస్థాన చిత్రకారులు చూడని మూలలను ఒక గృహిణి కన్నులు చూచినవి. నాటి ఇంగ్లండు మధ్యతరగతి గృహము ఎట్లుండెడిదని తెలిసికొనగోరువారు నేడు ఆమె చిత్రముల నాశ్రయించుచున్నారు.

స్వీడను దేశపు కార్ల్ లార్సన్ కథ మనకు మరింత దగ్గరగా నున్నది. సుండ్‌బోర్న్ అను చిన్నపల్లెలో ఆయనకొక కొయ్యయిల్లు ఉండెను. 1894 వేసవిలో విడువని వానలు పట్టి బయట చిత్రించుటకు వీలులేక ఆయన విసుగుచెందియుండగా, ఇంటిలోపలి గదులనే చిత్రింపరాదా యని భార్య కరీన్ సలహా చెప్పినదట. ఆ సలహా ఫలితముగా పుట్టిన నీటిరంగు చిత్రములు 1899లో 'ఒక యిల్లు' అను పేరుతో గ్రంథముగా వెలువడినవి. ఆ గదులలోని తెరలను, దుప్పట్లను నేసి కుట్టినది కరీనే. భర్త కుంచెవలన ఆమె చేతిపని దేశమంతటికిని తెలిసినది. స్వీడను గృహమనగా నిట్లుండునని లోకము నేటికిని తలంచునది ఆ పల్లెయింటి బొమ్మలను బట్టియే. ఒక జాతికి రూపము నిచ్చుటకు రాజధాని యక్కర లేదు. ఒక పల్లె, ఒక యిల్లు, ఒక రంగులపెట్టె చాలునని దీనివలన తెలియుచున్నది.

ఈ చిత్రములకు ప్రయోజనము కూడ గలదు. రష్యాదేశమున గాచినా రాజభవనము రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1944లో దగ్ధమయ్యెను. అంతకుముందు 1870వ దశకమున ఎడ్వర్డ్ హావ్ అను చిత్రకారుడు ఆ భవనపు గదులను నీటిరంగులలో అతిసూక్ష్మముగా చిత్రించియుండెను. పునరుద్ధరణమునకు పూనుకొన్న వారికి ఆ కాగితములే దారి చూపినవి. గోడలు కాలిపోయిన తరువాత గోడల రంగు చెప్పగలిగినది కాగితము.

పరదేశముల మాట యటుండనిండు. రాయి పోయి కాగితము నిలిచిన కథ మన తెలుగునేలపైననే జరిగినది. అమరావతి స్తూపమును గ్రామస్థులును జమీందారీ పనివారును ఇటుకల కొరకు, రాళ్ల కొరకు త్రవ్వుకొనిపోవుచుండిన కాలమున, కర్నల్ కాలిన్ మెకంజీ 1816లో తన చిత్రలేఖకులతో అచటికి వచ్చి, నాటికి మిగిలియున్న శిల్పములను కాగితములపై కొలతలతో వ్రాయించెను. అందు పెక్కు ఫలకములు తరువాత కానరాకుండ పోయినవి. ఆ చిత్రములు మాత్రము లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికిని భద్రముగా నున్నవి. అమరావతి వైభవమును ఊహించుకొను ప్రతి పండితుడును ఆ కాగితములకు ఋణపడియున్నాడు. మెకంజీ వెంట తిరిగి గ్రామగ్రామమున కైఫీయతులు సేకరించిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్యలు తెలుగువారే. ఆ పని మనవారికి చేతకానిది కాదు. కాని ఆ సేకరణమంతయు దేవాలయములను, శాసనములను, శిల్పములను, జాతుల వేషభాషలను చుట్టుకొని సాగినది. తెలుగువాని గడప దాటి లోపలికి పోయినది తక్కువ.

అంతకు పూర్వపు మాట చూతము. మన ఓరుగల్లునే తీసికొందము. కాకతీయుల రాజధానిలో మాచల్దేవి యను వేశ్య తన యింట చిత్రశాల నమర్చుకొన్న విషయము క్రీడాభిరామము వలన మనకు తెలియుచున్నది. అనగా ఆ కాలమందే ఓరుగల్లు గృహముల గోడలు చిత్రములతో నిండియుండెను. కాని ఆ గది వెడల్పెంత, దీపమెచట, పీటలెట్టివి, వెలుగెటునుండి వచ్చెడిదో చూపునట్టి పటము మన చేతిలో లేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను వెలువరించునప్పుడు జనుల నిత్యజీవనమును కావ్యములనుండి పద్యము పద్యముగా ఏరుకొనవలసి వచ్చినది. కవులు పోనిచ్చిన దానిని ఆయనయు పట్టలేడు గదా! నేటి యిండ్లను గూర్చి రెండువందల యేండ్ల పిమ్మట వ్రాయబోవు చరిత్రకారునకు మన మేమి మిగిల్చి పోవుచున్నాము?

మన చిత్రకారులు అసమర్థులని మా భావము కాదు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు 1897లో పుట్టి, ఇరువదియెనిమిది యేండ్లు నిండకయే 1925లో స్వర్గస్థుడయ్యును, తెలుగు చిత్రకళకు క్రొత్త శ్వాస పోసినవాడు. ఆయన చిత్రశాల రాజమహేంద్రవరమున నేటికిని ఉన్నది. మన ఓరుగల్లు సీమకే చెందిన చేర్యాల నకాశీలు ఖద్దరుగుడ్డపై సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఎఱ్ఱని నేలపై కులపురాణములను వ్రాసిన నేర్పరులు. నీటితో కలుపు మట్టిరంగులు మనకు పరాయివి కావనుటకు వారే సాక్షులు. నెక్కొండనుండి బెజవాడవైపు రైలెక్కినచో ఇంటికన్నె దాటి రెండవ స్టేషను కేసముద్రము. ఆ ప్రాంతమందలి పెనుగొండ గ్రామమున 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావుగారు హైదరాబాదునను శాంతినికేతనమునను చదివి, హైదరాబాదు లలితకళాశాలలో ఎందరికో గురువై, పురాణ కావ్య ఘట్టములకు రూపము గల్పించిరి. సిద్దిపేట కాపు రాజయ్యగారు తెలంగాణ పల్లె పండుగలను, పనిపాటలను చిత్రించిరి. వీరందరి చేతులలోను తెలుగుజీవనము కళకళలాడినది. అయినను వారి చిత్రములలో ఇల్లు తరచుగా మనుష్యుని వెనుకనున్న గోడగానే మిగిలిపోయినది. ఇల్లే కథయైన చిత్రములు మనకు అరుదు.

గృహజీవనము చిత్రకళకు తక్కువ విషయమని యెవరైన తలంచినచో వారికొక జ్ఞాపకము చేయుదుము. 1938లో గుజరాతుదేశపు హరిపురా గ్రామమున కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, మహాత్ముని కోరికపై నందలాల్ బోస్ సభాప్రాంగణమునకు చిత్రములు సిద్ధపరచెను. ఆ సభలో ఆయన చిత్రించినవి దర్బారులు కావు. విసురుచున్న స్త్రీ, దంచుచున్న స్త్రీ, వండుచున్న స్త్రీ, వడ్రంగి, కుమ్మరి—ఇట్టివారి రూపములు, స్వదేశపు కాగితముపై, మట్టిరంగులతో. స్వరాజ్యము కొరకు చేరిన మహాజనసభకు తిరుగలిని చూపుట ఆయనకు చిన్నతనముగా తోచలేదు.

ఇక మన యింటిలోనికి పోదము. నెక్కొండ పరిసరములందలి పాత భవంతి యింటిని ఎరుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. వీధిలో అరుగు, అరుగు దాటిన దర్వాజ, దర్వాజకు పసుపు పూసిన గడప. లోపల నడుమ ఆకాశమునకు తెరచియున్న వాకిలి, దానిచుట్టు కొయ్యస్తంభములపై నిలిచిన వసారాలు. ఎండయు వానయు వెన్నెలయు ఆ నడిమి వాకిటినుండియే యింటిలోనికి దిగును. మూరెడు మందపు మట్టిగోడ. క్రింద జాజుపూత, పైన సున్నము. గోడలో దీపపు గూడు. ఒకవైపు దేవుని అర్ర, ఒకవైపు వంటర్ర. వంటర్రలో పొగచూరిన దూలము, వ్రేలాడు ఉట్టి, కాగులు, బొట్లుపెట్టిన కూరాడు. మూలను వడ్ల గుమ్మి, పైన అటుక, చిలుకకొయ్యకు గొంగడి, గోడవార సందుగ. నేలలో పాతిన రోలు, ప్రక్కన ఇసుర్రాయి. ఈ పేర్లలో సగము నేటి బాలురకు తెలియవు. వస్తువు పోయిన తరువాత పేరు నిఘంటువులో కొంతకాలము బ్రతికి, పిమ్మట అదియు చచ్చును.

ఇల్లనగా భవంతియే కాదు. పద్మశాలి యింటిలో సగము మగ్గపు గుంత. గౌడుని యింటి గోడకు మోకు, ముస్తాదు. కుమ్మరి వాకిట సారె. లంబాడి తండాలో ఇల్లు కట్టు తీరే వేరు. కూలివాని గుడిసెలో ఒక్కటే గది. ఆ గదియే వంటయిల్లు, పడకటిల్లు, పురిటిల్లు. ఒక్కొక్క వృత్తి తన పనిముట్టును బట్టి తన యింటి నడుమను మలచుకొన్నది. వీనిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నెక్కొండ యను ఊరి ఆర్థికశాస్త్రమంతయు కన్నుల యెదుట నిలుచును.

ఇందుకు నీటిరంగే యేల? ఛాయాచిత్రముండగా కుంచె యేల యని నేటి యువకుడు ప్రశ్నించును. న్యాయమైన ప్రశ్నయే. ఫోటో తీయవద్దని మే మనము, తప్పక తీయవలెను. కాని చీకటి వంటర్రలో ఫోటోకు పొగచూరిన నలుపు ఒక్కటే ముద్దగా కనబడును. కన్ను ఆ నలుపులో పది నలుపులను చూడగలదు. నీటిరంగు పారదర్శకమైనది; పూతక్రింది కాగితపు తెలుపే దానికి వెలుగు. నడిమి వాకిటినుండి ఏటవాలుగ దిగి, అలికిన నేలపై పడి, అచటినుండి జాజుగోడమీదికి ప్రాకునట్టి వెలుగును చూపుటకు ఇంతకంటె తగిన సాధనము లేదు. కుంచె పట్టినవాడు కావలసినచో అడ్డుగోడను తొలగించి రెండు గదులను ఒక్కసారి చూపగలడు. మొన్న ఉంచిన ప్లాస్టికు బిందెను తీసివేసి, దాని చోట నుండిన కాగును ఇంటివారి మాటను బట్టి మరల నిలుపగలడు. అట్లు చేసినప్పుడు ఆ మాట పటము వెనుక వ్రాసి తీరవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఫోటో తీయువాడు ఆ యింట ఒక్క నిమిషముండును. చిత్రము వ్రాయువాడు రెండు దినములు కూర్చుండును. ఆ రెండు దినములలో ఇంటి ముసలమ్మ అతని ప్రక్కన చేరి, ఈ గూటిలో ఏ దీపము పెట్టెడివారో, ఈ మూలను ఎవరు పుట్టిరో చెప్పును. సగము చరిత్ర రంగులో దొరకును. తక్కిన సగము ఆ మాటలలో దొరకును. సెల్‌ఫోనులో వేలకొలది పోగుపడు ఫోటోలు ఫోను పాడైన దినముననే మాయమగుచున్న సంగతియు అందరెరిగినదే.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. కురియుచున్న పైకప్పు క్రింద బ్రతుకువానికి పాతయిల్లు సౌందర్యముగా తోచునా? తేళ్లు, పాములు తిరుగు మట్టిగోడను చూచి మురియుట పట్టణవాసుల వేడుక గాదా? ఈ మాటకు మేము తల వంచుచున్నాము. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుంభవృష్టికి ఇంటికన్నె కేసముద్రముల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. సికింద్రాబాదు బెజవాడల నడుమ రైళ్లు నిలిచిపోయినవి. ఇనుపదారినే పెకలించిన నీరు మట్టిగోడను మన్నించునా? అదే యేట ఆరంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకము క్రింద, సొంతస్థలము గల పేదలకు 5 లక్షల రూపాయల సాయముతో పక్కా యిండ్లు లేచుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయము. పాతయింటిలోనే పడియుండుమని పేదవానికి చెప్పు హక్కు ఎవరికిని లేదు. మేము కోరునది ఇల్లు నిలుపుమని కాదు. కూల్చుటకు ముందు రెండు దినముల గడువు ఇమ్మని. ఆ రెండు దినములలో ఒక బాలుడు తన రంగులపెట్టెతో వచ్చి కూర్చుండినచో, ఇల్లు పోవును గాని ఇంటి జ్ఞాపకము పోదు. క్రొత్తయింటి గోడకు ఆ పటము తగిలించుకొన్న గృహస్థుడు తన తల్లి యే మూలను వండెనో తన మనుమనికి చూపగలడు.

మూడవ ఆక్షేపణ తెలంగాణమున పుట్టిన ప్రతివాని మనస్సులోను ఉన్నదే. మనకు పెద్ద యిల్లనగా గడి. గడి యనగా వెట్టి. దొరల గదులను అందముగా రంగులు వేసి చూపుట, ఆ గదులలో నలిగిన వారిని మరల నొకమారు మరచుట కాదా? ఇక్కడనే మన చిత్రములు ఐరోపావారి చిత్రములకంటె నిజాయితీగా నుండవలెను. వారి గదిబొమ్మలలో పెక్కింట గది మెరయుచుండును. దానిని తుడిచినవారు కనబడరు. మనము అట్లు చేయరాదు. గడి చావడిని చిత్రించువాడు వడ్లు దంచిన కొట్టమును, నీళ్లు మోసిన దొడ్డిదారిని, చేతులు కట్టుకొని నిలిచిన చోటును కూడ చిత్రింపవలెను. పసుపు పూసిన గడపను చిత్రించువాడు, ఆ గడపను దాటుటకు ఎవరికి అధికారముండెను, ఎవరు వాకిటనే నిలిచి దోసిలి పట్టవలసియుండెను అని అడిగి వ్రాయవలెను. గడప ఇంటికి శోభ. అదియే కొందరికి హద్దు. ఈ రెండును చూపని చిత్రము అందమైన అబద్ధము. అట్టి అబద్ధమునకు మే మెన్నడును సాయము చేయము. మాదిగవాడలో, మాలపల్లెలో ఒక్కగది యింటిని చిత్రించు పటము, గడి పటముతో సమానమైన కాగితముపై, సమానమైన శ్రద్ధతో వ్రాయబడినప్పుడే ఈ ప్రయత్నము జాతీయ ప్రయత్నమనిపించుకొనును.

ఇక కార్యక్రమము. మాటలతో కడుపు నిండదు.

మొదటిది, ఉన్నత పాఠశాలలలోని చిత్రలేఖనోపాధ్యాయులు దీనిని చేపట్టవలెను. గుర్తింపు కొరకు కుందేలును, కొండల నడుమ సూర్యుని వేయించుట చాలును. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తన యింటిలోని ఒక గదిని చిత్రింపవలెను. ఆడపిల్లలు దీనిలో ముందుందురని మా నమ్మకము. వంటర్ర వెలుగునీడలు వారికి తెలిసినట్లు ఇతరులకు తెలియవు.

రెండవది, బతుకమ్మ దినములను దీనికి ఎన్నుకొనవలెను. అప్పుడు ఇండ్లు అలికి, జాజు సున్నము దిద్ది యుండును. అన్నింటికి మించి, అత్తవారిండ్లనుండి ఆడబిడ్డలు పుట్టింటికి వత్తురు. ఏ వస్తువు ఎచట నుండెడిదో కొడుకులకంటె కూతుండ్రకే బాగుగా జ్ఞాపకముండును. ఏలయన వారు దానిని విడిచిపోయినవారు.

మూడవది, ప్రతి పటము వెనుక ఊరి పేరు, తేది, గది కొలతలు, కిటికీ యే దిక్కున నున్నది, అందలి వస్తువుల పేర్లు ఆ యింటివారు పలుకునట్లే వ్రాయవలెను. 'గుమ్మి'ని దిద్ది 'ధాన్యాగారము' అని వ్రాసినచో పని చెడును. ఇంటివారి యనుమతి లేనిదే లోపల కాలు పెట్టరాదు. వారు వలదన్న దానిని చిత్రింపరాదు.

నాల్గవది, భద్రత. అజంతా చిత్రములకు రాబర్ట్ గిల్ ఎన్నో యేండ్లు శ్రమించి వ్రాసిన ప్రతులలో పెక్కు 1866లో లండను క్రిస్టల్ పాలెసు అగ్నిప్రమాదమున కాలిపోయినవి. పిమ్మట జాన్ గ్రిఫిత్స్ వ్రాయించిన ప్రతులలోను పెక్కింటిని 1885లో మరల నిప్పే మ్రింగినది. కాగితము రాతిని మించి బ్రతుకవచ్చును. ఒక్క రాత్రిలో బూడిదయు కావచ్చును. కావున ప్రతి చిత్రమునకును రెండు ప్రతులుండవలెను. ఒకటి ఇంటివారి కడ, ఒకటి గ్రంథాలయమున. ఎండ తగిలినచో నీటిరంగు వెలయును. చెమ్మ తగిలినచో బూజు పట్టును. ఐరోపావారి గదిబొమ్మలు నేటికిని తాజాగ నుండుటకు కారణము అవి పెక్కేండ్లు ఆల్బములలో మూయబడి యుండుటయే. మన గ్రంథాలయములకు ఈ బాధ్యత క్రొత్తది కాదు. హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో పుట్టినది. తెలుగు చదువుటయే కష్టమైన దినములలో పుస్తకమును కాపాడిన చోటది. అట్టి నిలయములు నేడు పటములను కాపాడలేవా? వరంగల్లులోని జానపద గిరిజన విజ్ఞానపీఠము, వాస్తువును లలితకళలను ఒక్కచోట బోధించు హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము తమ విద్యార్థులను సెలవులలో పల్లెలకు పంపినచో, కొలతలకు కొలతలు, రంగులకు రంగులు లభించును. ఇందుకు లక్షల ధనము వలదు. దళసరి కాగితము, ఒక రంగులపెట్టె, రెండు కుంచెలు, ఒక గిన్నె నీరు—ఇంతే సామగ్రి.

1889లో బెజవాడవరకు రైలుదారి సాగిన నాటినుండి నెక్కొండ ఎందరినో చూచినది. బియ్యపు బస్తాలు, పత్తి బేళ్లు, మిరపకాయలు ఎక్కించుకొని బండ్లు పోయినవి. కూలి కొరకు, చదువు కొరకు మనుష్యులు పోయినారు. పోయినవారు తమవెంట ఇంటిని తీసికొనిపోలేరు. హైదరాబాదునను, సముద్రముల కావలి దేశములందును స్థిరపడిన మన పిల్లలు తమ పిల్లలకు "మన యిల్లు" అని చెప్పునప్పుడు చేతితో గాలిలో గీతలు గీయుచున్నారు. ఆ గీతలు కాగితముపైకి రావలెను.

పరదేశీయుడు మన కోటలను కొలిచి పోయినాడు, మన శిల్పములను వ్రాయించి పోయినాడు. మన వంటయిల్లు మాత్రము మనకే మిగిలినది. దానిని వ్రాయవలసినవారము మనమే. చదువరులారా! ఈ దసరాకు మీ యింటనే ఆరంభింపుడు. వేపచెట్టు క్రింది అన్నదమ్ముల వాదము తీర్చుటకు ఒక్క కాగితము చాలియుండెడిది. అట్టి వాదము మీ బిడ్డలకు మిగులనీయకుడు.